పిడికిటి బియ్యపు చేదు

అన్యాయం ఎవరికి జరిగింది? రిబ్కమ్మకు జరిగింది. ఎట్లా జరిగింది? పస్తులున్న ఇంటికి అన్నం పెట్టినందుకు, ప్రభువు బల్ల దగ్గర ఆమె నోటి ముందు నుంచి రొట్టె తీసేశారు. తీసేసింది ఎవరు? ఆమె పెట్టిన అన్నం తిన్నవాడే. దాచిపెట్టి చివర చెప్పవలసిన రహస్యం ఇందులో లేదు. అయితే తిన్నవాడికి మాత్రం తాను ఎవరి చేతి అన్నం తిన్నాడో తెలియదు. తెలిసిన ఆడవాళ్ళు ఇద్దరు. వారిలో ఒకామె మట్టిలో కలిసిపోయింది. రెండో ఆమె నోరు విప్పనని మాట ఇచ్చింది.

గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, నాపరాళ్ళ గనులు దాటాక ఎడమచేతి వైపు ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో క్రైస్తవుల గుడి గోడలు నాపరాతివే, గడప కూడా నాపరాతి బండే. ఆ సంఘంలో ఒక ఆచారం తాతల నాటి నుంచీ నడుస్తోంది. ఏ ఇంటి ఇల్లాలైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, వేరే కుండలో వేసి, దేవుణ్ణి తలుచుకుంటుంది. శనివారం సాయంత్రం ఆ కుండలన్నీ గుడికి చేరతాయి. అందరి బియ్యమూ ఒకే రేకు డ్రమ్ములో పోస్తారు. కలిగినవాళ్ళ సన్నబియ్యం, లేనివాళ్ళ రేషను బియ్యం, ఒక ఇంటి నూకలు, మరొక ఇంటి ఎర్రబియ్యం, అన్నీ అందులో కలిసిపోతాయి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేస్తారు.

ఆ బియ్యం దిక్కులేనివాళ్ళకని పెద్దలు పెట్టిన ఏర్పాటు. నడిచింది మాత్రం వేరు. వచ్చిన పాస్టరల్లా దాన్ని బస్తాలకెత్తి, గురజాలలో కొట్టుకు వేసి, సన్నబియ్యం తెచ్చుకునేవాడు. పిడికెడు పిడికెడు వేసిన చేతుల్లో ఒక్క చేయికీ ఆ అన్నం రుచి ఏమిటో తెలియదు.

డ్రమ్ము తాళం రిబ్కమ్మ దగ్గర ఉండేది. చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. మిరప కోతలకు పోయి కూతుర్ని పెంచి, పెళ్ళి చేసి ముప్పాళ్ళ పంపింది. ఆమె దగ్గర తాళం ఉన్నంతకాలం బియ్యం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

సాగరు కాలువ తడారిపోయిన ఏడు అది. సంఘ పెద్ద అబ్రహాము కౌలుకు తీసుకుని వేసిన మిరప, కాయ పట్టకముందే ముడుచుకుపోయింది. కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని రేషను కార్డు పోయింది. ఆ కొడుకు వేరు కాపురం పెట్టి తండ్రిని మరిచాడు. అబ్రహాము ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. తెల్లచొక్కా తొడుక్కుని గుడికి వచ్చాడు, నిటారుగా నిలబడి ప్రార్థన చేశాడు, ఇంటికి పోయి మోకాళ్ళ మీద పడ్డాడు.

ఒక మాపు, దీపాలు పెట్టే వేళ, ఆయన భార్య మార్తమ్మ కొంగు కింద గిన్నె పెట్టుకుని రిబ్కమ్మ గడపలోకి వచ్చింది.

"పొయ్యి మీద ఉత్త నీళ్ళు కాగబెడతన్నానే రిబ్కమ్మా. పొగ రాకపోతే ఇరుగుపొరుగు కనిపెడతారని."

"అన్నయ్యకు తెలుసా వదినా, నువ్వొచ్చినట్టు?"

"మీ అన్నయ్య మనిషి ముందు చెయ్యి చాపనని దేవుడి దగ్గర మొక్కుకున్నాడు. చాపేదాన్ని నేనున్నాగా!"

"పెద్దల్ని అడిగితే డ్రమ్ములో బియ్యం ఇస్తారుగా."

"పెద్ద ఎవరే పిచ్చిదానా? ఆయనేగా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే మార్తమ్మ గోడకు చేరగిలబడి, అట్లాగే కిందికి జారి కూర్చుంది. ఒంట్లో నిలబడే సత్తువ లేదు. రిబ్కమ్మ గుడికి పోయి, డ్రమ్ము తాళం తీసి, కొంగులో బియ్యం తెచ్చింది. బియ్యం పోస్తున్నప్పుడు మార్తమ్మ ఆమె చేయి పట్టుకుని మాట తీసుకుంది. ఆయనకు గానీ, మరొకరికి గానీ, ఎప్పటికీ చెప్పకూడదు. రిబ్కమ్మ మాట ఇచ్చింది. కొత్త పంట వచ్చిందాకా ఆ గిన్నె ఆ గడపలోకి వస్తూనే ఉంది.

మొదటి రోజు అన్నం ముందు కూర్చుని అబ్రహాము అడిగాడు. "యాడిది ఇది?"

"దేవుడిచ్చాడు. తిను," అన్నది మార్తమ్మ.

ఆయన మరి అడగలేదు. ఏడుస్తూ తిన్నాడు. ఆకాశం నుంచి దిగిందనే అనుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి డ్రమ్ము వెలితి బయటపడింది. పెద్దలు కూర్చున్నారు. సంఘమంతా చూస్తుండగా రిబ్కమ్మను నిలబెట్టారు.

"బియ్యం ఏమైనయ్యి?" అబ్రహాము గొంతు గోడలకు తగిలి తిరిగి వచ్చింది.

"ఆకలిగా ఉన్నోళ్ళకు ఇచ్చాను."

"ఎవరికి?"

"చెప్పను అన్నయ్యా."

"చెప్పకపోతే నువ్వు తిన్నట్టే."

"నేను తినలేదు."

"అయితే అమ్మావు," అన్నాడు ఇంకో పెద్ద జయపాల్, పక్కనుంచి.

ఆడవాళ్ళ వైపు, ముందు వరసలో, మార్తమ్మ చీర కొంగును కళ్ళ మీదికి లాక్కున్నది. రిబ్కమ్మ ఆ కొంగు వైపు చూస్తూ నిలబడింది. అది పైకి లేస్తుందని చూసింది. లేవలేదు.

"దేవుని బియ్యం ఇది," అన్నాడు అబ్రహాము. "పేరన్నా చెప్పు, దొంగతనమన్నా ఒప్పుకో. రెంటిలో ఒకటి చేసిందాకా నువ్వు బల్లకు దూరం."

ఆయన పగబట్టి అన్న మాట కాదది. దేవుడే తనకు నేరుగా పెట్టాడు గనుక దేవుని బియ్యం తనకంటే ఎక్కువ కాపాడేవాడు లేడనుకున్నాడు. ఆ నమ్మకంతోనే ఆ మాట అన్నాడు. అందుకే అది అంత క్రూరంగా పడింది.

తరువాత మార్తమ్మ వచ్చి ఏడ్చింది. "ఈ ఆదివారం చెప్పేస్తానే," అన్నది.

"చెప్పు," అన్నది రిబ్కమ్మ.

ఆ ఆదివారం పోయింది, మరెన్నో పోయాయి. "చెబితే ఆయన బతకడే. ఆ అన్నం దేవుడు దించాడన్న నమ్మకం మీదే నిలబడి ఉన్నాడు," అనేది మార్తమ్మ. రిబ్కమ్మ ఆమెను క్షమించిందని రాస్తే అబద్ధమవుతుంది. మాట మాత్రం దాటలేదు.

అప్పటి నుంచి రిబ్కమ్మ చోటు గడప దగ్గరి బండ. చెప్పుల పక్కన. నెలనెలా మొదటి ఆదివారం బల్ల జరుగుతుంది; ప్రభువు శరీరమని ఒక రొట్టె ముక్క, రక్తమని చిన్న గిన్నెలో ద్రాక్షరసం అందరూ పుచ్చుకుంటారు. అందరిలాగానే ఆమె కూడా శనివారం రాత్రి ఉపవాసం ఉండేది. తనకు పెట్టని బల్లకు ఉపవాసంతో వచ్చేది. పళ్ళెం ముందు వరస నుంచి వెనక వరసకు వచ్చి, చివరి చాప దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోయేది. చిన్న గిన్నెలు పళ్ళెంలో ఒకదానికొకటి తగిలే చప్పుడు ఆమెకు అందేది. అంతవరకే.

"వచ్చి ఏం చేస్తావే అమ్మా, ఊరికే కూర్చోవడానికి?" అని కూతురు ఫోనులో కోప్పడింది. "సత్తెనపల్లిలో ఎన్ని గుళ్ళున్నయ్యి! యాడికి పోయినా పెడతారు."

"నన్ను తీసింది ఇక్కడ. ఇక్కడే పెట్టాలి."

ఒకసారి కూతురి దగ్గరికి పోయి వస్తూ సత్తెనపల్లి బస్టాండులో బన్ను కొనుక్కొచ్చింది. తలుపు వేసుకుని, కొంగు కప్పుకుని, దాన్ని విరిచి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. బన్ను బన్నుగానే ఉంది. నలుగురితో కలిసి తినవలసినదాన్ని ఒక్కతే ఎట్లా తింటుంది? విరిచిన రెండు ముక్కలూ కాకులకు వేసింది.

కడుపు ఆకలి రిబ్కమ్మకు కొత్త కాదు. దాన్ని నీళ్ళతో అయినా మరిపించవచ్చు, నిద్రతో అయినా మరిపించవచ్చు. ఇది అట్లాంటిది కాదు. మిరప కోతలో వంగి ఉన్నప్పుడు, కల్లంలో కాయలు తిరగేస్తున్నప్పుడు, ఘాటుకు కళ్ళు కారుతుంటే, ఉన్నట్టుండి అది వచ్చేది. గొంతు కింద ఎక్కడో ఖాళీ. రాత్రిళ్ళు ఆమె ప్రార్థన చిన్నది: "నీ బల్ల దగ్గరికి వీళ్ళు నన్ను రానీయరు. నా గడప దగ్గరికి నువ్వు రా. నీకు తప్ప నా సంగతి ఎవరికీ తెలవదు." జవాబు ఎప్పుడూ రాలేదు. అయినా మరుసటి రాత్రి అదే అడిగేది. ఆయనను తప్ప అడగడానికి ఆమెకు మరొకరు లేరు.

అన్నిటికంటే బరువైన దినం గుడి వార్షికోత్సవం. ఆనాడు అబ్రహాము సాక్ష్యం చెప్పేవాడు. చుట్టుపక్కల సంఘాలవాళ్ళు దానికోసమే వచ్చేవారు. "ఆ ఏడు నేను మనిషిని అడగలేదు. దేవుణ్ణే అడిగాను. దేవుడు నా ఇంట్లో అన్నం కురిపించాడు. ఆ అన్నంలో సన్నగా ఒక చేదు ఉండేది. నా గర్వం విరగ్గొట్టడానికి దేవుడు కలిపిన చేదు అది!" జనం స్తోత్రం అనేవారు. గడప దగ్గర రిబ్కమ్మ, తాను వేసిన వేపాకుకు వాళ్ళు స్తోత్రం చెబుతుంటే, తల వంచుకుని వినేది.

మార్తమ్మ రెండేళ్ళ కిందట పోయింది. నరసరావుపేట ఆసుపత్రిలో మాట పడిపోయి పడుకుని ఉంటే రిబ్కమ్మ వెళ్ళింది. మార్తమ్మ ఆమె చేతిని పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, పిడికిలి చేసింది. ఆ పిడికిలిని తన నుదుటికి ఆనించుకున్నది. ఎదురుగానే నిలబడి ఉన్న అబ్రహాముకు, ఇద్దరాడవాళ్ళు ఏడుస్తున్నారనిపించింది, అంతే.

సమాధి దగ్గర నుంచి నడిచి వస్తూ రిబ్కమ్మ అనుకున్నది: ఇక సాక్షి ఎవరూ లేరు.

కిందటి వేసవిలో కొత్త పాస్టరు వచ్చాడు. సాల్మన్ రాజు. కుర్రవాడు, మంచివాడు, తొందర మనిషి. భార్య షెర్లీని వెంటబెట్టుకుని రిబ్కమ్మ ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్క మాట అనండి చాలు. 'నా వల్ల పొరపాటు జరిగింది' అనండి. మిగతాది నేను చూసుకుంటాను. వచ్చే బల్లకు మీరు లోపల ఉంటారు."

ఒక్క మాట. అంతే. నోరు తెరిస్తే చాలు, రొట్టె నోట్లో పడుతుంది. రిబ్కమ్మ చేయి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది.

"ఏ పొరపాటు బాబూ?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి ఒప్పుకుని తింటే, అది ఏదో ఒక రొట్టే అవుద్ది. నాకు ఆకలవుతుంది నిజమే. అట్టాంటి రొట్టె మీద కాదు."

సాల్మన్ రాజుకు కోపం వచ్చింది. షెర్లీకి రాలేదు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి గడప దగ్గర ఆగి, "మీరు అబద్ధం చెప్పేవాళ్ళలా లేరమ్మా," అన్నది. ఎన్నో ఏళ్ళలో ఆ ఊళ్ళో ఆమె విన్న మంచి మాట అదొక్కటి.

ఈ ఏడు మిరపకు పురుగు తగిలింది. పండిన కాసిని కాయలకు ధర లేదు. వార్షికోత్సవపు ప్రేమవిందుకు చందాలు రాలేదు. "డ్రమ్ము నిండా బియ్యం ఉంటే మళ్ళీ కొనడమెందుకు? అవే వండుదాం," అన్నాడు సాల్మన్ రాజు.

జయపాల్ లేచాడు. "ఏంది పాస్టరుగారూ! దేవుని బియ్యం పులుసు పోసుకుని తింటామా?"

"దేవునికి ఆకలి లేదు జయపాల్‌గారూ. మనకే ఉంది."

ఆదివారం వచ్చింది. అబ్రహాము సాక్ష్యం చెప్పాడు. వయసు మీద పడి గొంతు వణికినా, చేదు మాట దగ్గర అదే పట్టు. జనం స్తోత్రం అన్నారు. బల్ల జరిగింది. పళ్ళెం చివరి చాప దాకా వచ్చి తిరిగిపోయింది. రిబ్కమ్మ కళ్ళు మూసుకుని గిన్నెల చప్పుడు విన్నది.

తరువాత అందరూ బయట పందిరి కింద విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ప్రేమవిందుకు రిబ్కమ్మకు నిషేధం లేదు. అన్నం పులుసు ఎవరైనా తినవచ్చు. రొట్టె ముక్కే తినకూడదు. ఆమె ఆడవాళ్ళ వరస చివర కూర్చుంది. ఎదురుగా మగవాళ్ళ వరసలో మొదట అబ్రహాము.

ఆయన పులుసు కోసం ఆగలేదు. రాత్రి నుంచి ఉపవాసం. వేడి అన్నం ఉత్తదే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

దవడ ఆగిపోయింది.

ఆయన మళ్ళీ మెల్లగా నమిలాడు. ఒక మెతుకు నాలుక మీద కరిగిపోయింది. మరొకటి పంటి కింద పలుకుగా తగిలింది. వెనకాల, గొంతు దగ్గర, సన్నగా చేదు.

"అమ్మాయీ," అన్నాడు వడ్డిస్తున్న షెర్లీతో. "ఈ బియ్యం యాడియి?"

"పిడికిటి బియ్యమే పెద్దయ్యగారూ. చేదుగా ఉందా? ఎంత ఏరినా వేపాకు తునకలు ఉండిపోయాయి. నాలుగు నీళ్ళు కడిగాను కూడానూ!"

అబ్రహాము రెండో ముద్ద పెట్టుకున్నాడు. మూడోది చేత్తో ఎత్తి, ముక్కు దగ్గర పట్టుకుని, దించేశాడు. ఆయన కళ్ళు ఆడవాళ్ళ వరసలో మార్తమ్మ కూర్చునే చోటుకు పోయాయి. అక్కడ ఇప్పుడు ఎవరిదో పసిపిల్ల కూర్చుని అప్పడం నలుపుతోంది. అక్కడి నుంచి ఆ చూపు వరస వెంట జరుగుతూ జరుగుతూ చివరకు వచ్చింది.

"రిబ్కమ్మా."

ఆయన నోట ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో!

"మా ఇంట్లో ఆ ఏడు ఉడికింది ఇదేనా?"

"నేను మాట ఇచ్చినదాన్ని అన్నయ్యా."

"ఎవరికి?"

"ఆనాడూ ఇదే అడిగావు," అన్నది రిబ్కమ్మ. "ఎవరికి, ఎవరికి అని. ఆనాడు చెప్పలేదు. ఇయ్యాల కూడా చెప్పను."

చెప్పవలసిన పని లేకపోయింది. ఆయన ముసలి ముఖం మీద ఒక్కొక్కటే వచ్చి నిలబడుతున్నాయి: కొంగు కింద గిన్నె, దేవుడిచ్చాడు తిను, ఆసుపత్రిలో నుదుటికి ఆనిన పిడికిలి.

"అయితే దేవుడు నాకు పెట్టలేదా?" అన్నాడు. పెద్దమనిషి గొంతు కాదది. తప్పిపోయిన పిల్లవాడి గొంతు.

రిబ్కమ్మ ఆ ప్రశ్న కోసం ఎన్నేళ్ళో ఎదురు చూసింది. లేదు, పెట్టలేదు, నేను పెట్టాను అని ఎన్ని రాత్రులు మనసులో అన్నదో లెక్క లేదు. ఇప్పుడు ఒక్క మాటతో ఈ మనిషిని కూలదోయవచ్చు. ఆ మాట నాలుక మీదకు వచ్చింది. అది నిజం కాదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"పెట్టాడు. పెట్టకుండా ఎట్టా బతికావు? నువ్వు చాపని చెయ్యి ఒకామె చాపింది. ఊళ్ళో ఇంటింటి పిడికిలీ అందులో పడింది. ఆయన అట్టానే పెడతాడు. నీకు పెట్టింది నిజం అన్నయ్యా." ఆమె ఆగింది. "నాకు తీసింది కూడా నిజం."

అబ్రహాము లేచాడు. చేయి కడుక్కోలేదు. మెతుకులు అంటిన చేత్తోనే గుడి మెట్లెక్కాడు. "పాస్టరుగారూ, బల్ల మళ్ళీ పరవండి."

సాల్మన్ రాజు తడబడ్డాడు. "వచ్చే నెల మొదటి ఆదివారం..."

"వచ్చే నెలకు నేనుంటానో, ఆమె ఉంటదో."

"కమిటీలో పెట్టాలి గదా అన్నా," అన్నాడు జయపాల్.

"తీసేసిన నాడు ఏ కమిటీలో పెట్టామురా? నేను అన్నాను, మీరు తలలూపారు. ఇప్పుడూ నేనే అంటన్నా. ఊపండి."

జనం విస్తళ్ళు వదిలి లోపలికి వచ్చారు. అబ్రహాము సాక్ష్యం చెప్పే చోటనే నిలబడ్డాడు. ఈసారి నిటారుగా నిలబడలేకపోయాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆ ఏడు నేను మనిషిని అడగలేదని మీకు చెప్పాను. నిజమే, నేను అడగలేదు. నా భార్య అడిగింది. రిబ్కమ్మ పెట్టింది. డ్రమ్ములో పోయిన బియ్యం నేనే తిన్నాను. తిని, పెట్టినామెను దొంగ అన్నాను. ఆమె దొంగ కాదు. ఇకమీద నా సాక్ష్యం ఎవరన్నా చెబితే ఆమె పేరుతో చెప్పండి. లేకపోతే చెప్పబాకండి."

ఎవరూ స్తోత్రం అనలేదు.

ఆయన పళ్ళెం తీసుకుని గడప వైపు నడిచాడు. రిబ్కమ్మ బండ మీద నిలబడి ఉంది.

"ఇక్కడ కాదు," అన్నది.

చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, ఆమె గడప దాటింది. చివరి చాప దాటింది. ముందు వరస దాకా నడిచి, బల్ల ఎదుట మోకరించింది. సాల్మన్ రాజు ఎప్పటిలాగా గోరంత ముక్క తుంచబోయాడు.

"ముక్కా?" అన్నాడు అబ్రహాము. "ఎన్ని ఆదివారాలు బాకీ ఉన్నామో తెలుసా బాబూ? ఉన్నదంతా పెట్టు."

షెర్లీ కాల్చిన రొట్టెలో సగానికి పైగా మిగిలి ఉంది. పాస్టరు చెప్పవలసిన మాటలు చెప్పి, ఆ మిగిలినదంతా రిబ్కమ్మ దోసిట్లో పెట్టాడు.

ఆమె తిన్నది. తొందరపడలేదు, ఏడవలేదు. ఒక్కొక్క ముక్క తుంచుకుని, నమిలి, మింగి, మళ్ళీ తుంచుకున్నది. గుడి అంతా నిలబడే ఉంది. బయట పందిరి కింద విస్తళ్ళ మీద కాకులు దిగాయి. తోలడానికి ఎవరూ కదలలేదు. అబ్రహాము వెనక్కి నడిచి, చెప్పుల పక్కన, గడప దగ్గరి బండ మీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు. ఆయన నోట్లో ఇంకా ఆ చేదు ఉంది.

దోసిట్లో పొడి మిగిలింది. రిబ్కమ్మ దాన్ని కూడా నాలుకతో తీసుకున్నది. గిన్నె అందుకుని, అడుగంటా తాగి, పళ్ళెంలో బోర్లించింది. అది తక్కిన గిన్నెలకు తగిలి చిన్న చప్పుడైంది. ఈసారి ఆ చప్పుడు ఆమె చేతి కింద అయింది.

ఆమెకు రావలసినదంతా వచ్చింది.